కొత్త బ్యాటరీకి బొట్టు

దసరా నుంచి ఇప్పటిదాకా నారాయణ రెండు బ్యాటరీలు మార్చాడు, ముగ్గురు మెకానిక్కులను తిట్టాడు. ఒక్కసారి కూడా పడవలోకి వంగి చూడలేదు. వంగితే తెల్లచొక్కా నలిగిపోతుందని భయం కాబోలు. పులివెందుల దగ్గర చీనీ తోటలున్న ఆసామి, మైలవరం జలాశయంలో షికారుకని చిన్న మోటారు పడవ కొన్నాడు. దాన్ని నడిపేది లోకనాథ్. పాటలు పెట్టుకుని, ఫోన్లు తగిలించి బ్యాటరీని నువ్వే తాగేస్తున్నావు, రేపు వేరే డ్రైవరొస్తాడని నిన్న సాయంత్రం అతనికి తేల్చి చెప్పేశాడు.

ఆ మాట విని లోకనాథ్ అక్క రేణుకకు ఒళ్ళు మండింది. ప్రొద్దుటూరులో ట్రాక్టర్లకూ ఆటోలకూ కరెంటు పని చేసే కొట్టు ఆమెది. గొర్రెలు కాసే ఇంట పుట్టిన ఆడపిల్లకు బ్యాటరీ పనేంటని నవ్విన మొనగాళ్ళంతా ఇప్పుడు ఆ కొట్టు ముందే బండ్లు ఆపుతున్నారు. తెల్లారి మొదటి బస్సుకే మీటరు సంచిలో వేసుకుని బయలుదేరింది. తమ్ముడి పని నిలబెట్టాలి, అంతే.

గట్టున ఒక కుటుంబం లైఫ్ జాకెట్లు తొడుక్కుని షికారుకు ఎదురుచూస్తోంది. కొత్త డ్రైవరు ఇంకా రాలేదు.

"ఏం పాపా, నువ్వు సూస్తావా?" అన్నాడు నారాయణ. "ముగ్గురు మగోళ్ళు సూసిపోయినారు."

"అందుకే నేను రావాల్సొచ్చింది మామా."

ఒకడు బ్యాటరీ అన్నాడట, ఒకడు కాయిల్ అన్నాడట, మూడోవాడు నీటి తేమ అన్నాడట. ఒక్కడి చేతిలోనూ మీటరు లేదు. జ్వరం చూడకుండానే సూది వేసే బాపతు.

తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంది. లోకనాథ్ తాడు పట్టి లాగాడు. నెల రోజులుగా అలా లాగిలాగి అతని కుడి భుజం వాచిపోయింది. మూడోసారికి మోటారు అందుకుంది. రేణుక మీటరు పుల్లలు వైర్ల చివరి క్లాంపులకు ఆనించింది. పద్నాలుగు వోల్టుల పైనే ఉంది. మోటారు కరెంటు ఇస్తోంది. అవే పుల్లలు ఆ క్లాంపులు పట్టుకున్న బ్యాటరీ సీసపు మొనలకు ఆనించింది. పన్నెండు కూడా లేదు. ఇచ్చింది లోపలికి చేరడం లేదు.

మోటారు ఆపించి క్లాంపులు విప్పింది. రెండు మొనల చుట్టూ ఎర్రగా, పసుపుగా ఎండిన పొర. గోటితో గీరితే పెచ్చులు రాలాయి. వాసన చూస్తే గంధం.

"ఇదేంది?"

నారాయణ ఛాతీ పొంగింది. చూపించడానికి పడవలోకి కూడా దిగాడు. "బొట్టు! తగిలించేముందు నా చేత్తో పెట్టినా. ఆయుధపూజ నాడు మొదటిదానికి, మొన్న రెండోదానికి. ట్రాక్టరుకు పెట్టమా ఏంది?"

"నుదుటికి పెడతారు మామా, నోట్లో కుక్కరు. కరెంటు పోయే దావలో గంధం మెత్తి పైన బిగిస్తే ఇంగ యాడ పోతాది?"

ఉప్పుకాగితంతో మొనలు తళతళలాడేదాకా రుద్ది, క్లాంపులు బిగించింది. పాత ఛార్జింగు కాస్త మిగిలే ఉంది. ఈసారి తాళం తిప్పగానే మోటారు లేచింది. మీటరు మొనల దగ్గర కూడా పద్నాలుగు చూపించింది. అప్పుడు ఆమె కోపం తమ్ముడి మీదికి మళ్ళింది.

"కండ్లముందర ఉంటే ఎందుకు చెప్పలేదురా?"

"మామకు చెప్పినానక్కా. బొట్టు పెట్టిన పొద్దే తుడవబోయినా. గొర్రెలు కాసేటోనికి దేవుని బొట్టు తుడిచేంత పొగరా అని అందరి ముందర చెంప మీద కొట్టినాడు."

రేణుక తమ్ముడి చెంప వైపు చూసింది. ఈ పని నిలబెట్టడానికా తాను పరుగెత్తుకొచ్చింది?

"సర్లే, అయిందేదో అయింది," అన్నాడు నారాయణ ఆమె వైపు చూడకుండా. "పడవ పోనీప్పా లోకా, జనం కాసుకోనుండారు."

లోకనాథ్ అక్క మొహం చూశాడు. ఆమె మీటరు సంచిలో పడేసి గట్టెక్కింది. అతను లైఫ్ జాకెట్ విప్పి, మడిచి, సీటు మీద పెట్టాడు.

"కొత్త డ్రైవరొస్తాడు గదా మామా," అని తనూ గట్టెక్కాడు.

మోటారు నిక్షేపంగా ఆడుతోంది, బ్యాటరీ నిండుతోంది. నారాయణ పడవలో నిలబడి, తాళం ఎటు తిప్పాలో తెలియక ఆ తీగా ఈ మీటా తడిమాడు. గట్టు మీది పిల్లలు నవ్వారు.

"రేయ్, దీన్ని ఆపేదెట్లరా?"

లోకనాథ్ తిరిగి చూడలేదు. రేణుక చూసింది.

"బొట్టు పెట్టు మామా, అదే ఆగిపోతాది."