రేపటి అంకె

స్కూలు ఆటస్థలం పక్క మెట్ల బెంచీ మీద పక్కన కూర్చున్న తెల్లాయన తన మణికట్టు వైపే చూస్తున్నాడని గమనించి రత్నరాజు చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు.

"ఆ షార్ట్‌స్టాప్ మీ అబ్బాయేనా?" అన్నాడు ఆయన ఇంగ్లీషులో. "మీ నాన్నగారు ఎంత పొడవు? మీ ఆవిడకి అన్నదమ్ములున్నారా? వాళ్లెంత ఉంటారు?"

పెళ్లిసంబంధానికి వచ్చినవాళ్లు కూడా ఇంత లోతుగా అడగరు అనుకున్నాడు రత్నరాజు. నవ్వొచ్చింది. అప్పటికింకా నవ్వొచ్చే రోజులే.

ఆయన పేరు కర్టిస్ బోయ్డ్. ఒక పెద్ద బేస్‌బాల్ క్లబ్బుకి స్కౌట్. అమెరికాలోని ఈ జార్జియా రాష్ట్రమంతా కారులో తిరిగి, హైస్కూలు పిల్లల ఆట చూసి, అంకెలు వేసి పంపడం ఆయన పని. పరుగెత్తేవాళ్లు చేరవలసిన గుర్తులు బేస్‌లు; వాటిలో రెండోదానికీ మూడోదానికీ మధ్య నిలబడి, దొరకని బంతులన్నీ దొరకబుచ్చుకోవలసినవాడు షార్ట్‌స్టాప్. కమ్మింగ్ స్కూలు జట్టులో మూడేళ్లుగా ఆ చోటు రత్నరాజు కొడుకు జూడ్‌ది. ఆ సాయంత్రం ఒక బంతి నేలబారుగా మూడో బేస్ వైపు దూసుకుపోయింది. జూడ్ నాలుగంగల్లో దాన్ని చేరి, ఎడమచేతి గ్లవ్ అడ్డంగా తిప్పి అందుకుని, కుడికాలు నేలలో గుచ్చినట్టు ఆగి, మైదానం ఆ కొసకి విసిరాడు. బంతి అక్కడి బేస్‌కి చేరేసరికి పరుగెత్తేవాడు ఇంకా రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. అందరూ అరిచారు. బోయ్డ్ మాత్రం స్టాప్‌వాచ్ నొక్కి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

ఆ పుస్తకాన్ని ఆయన దాచుకోలేదు. ఇరవై నుంచి ఎనభై దాకా అంకెలు. యాభై వచ్చిందంటే పెద్ద క్లబ్బులో నిలదొక్కుకోగలడని. ఒక్కో గుణానికి రెండు గడులు: ఇవాళ ఎంత, రేపు ఎంత. విసురు అరవై, రేపూ అరవై. ఫీల్డింగ్ యాభై, రేపు అరవై. బ్యాటులో బలం ముప్ఫై. దాని పక్క గడిలో యాభై.

"ముప్ఫై యాభై ఎలా అవుతుంది?" అని అడిగాడు రత్నరాజు.

"ఒళ్లు వస్తుంది. ఇంకో రెండంగుళాల ఎత్తు, దానికి తగ్గ కండ. ఆ భుజాలు చూడండి, చొక్కా తగిలించని హ్యాంగర్‌లా ఉన్నాయి. పదిహేడేళ్లవాడికి అంత ఖాళీ ఉండటం అదృష్టం."

రత్నరాజు మెట్లు దిగి మంచినీళ్ల కోసం వెళ్లాడు. దాహమేమీ లేదు.

జూడ్‌కి పంతొమ్మిది నిండి నెల దాటింది.

నరసాపురం దగ్గర అమ్మమ్మగారింట్లో, 1994 మార్చి మూడున పుట్టాడు. ఎవరూ ఎక్కడా రాయించలేదు. అయిదో ఏట పచ్చకామెర్లు వచ్చి ఒక ఏడాది బడి పోయింది. పాస్‌పోర్టు కోసం సర్టిఫికెట్టు కావలసివచ్చినప్పుడు ఆఫీసు గుమాస్తా, టీలో పంచదార ఎంత అని అడిగినట్టు, "ఏ తేదీ వెయ్యమంటారు?" అన్నాడు. 1995 జులై పన్నెండు అని చెప్పాడు రత్నరాజు. అబద్ధమాడుతున్నానన్న ధ్యాసే లేదు. తన తండ్రి తనకి రెండేళ్లు తగ్గించి రాయించాడు. మేనమామలకీ, ఆ గుమాస్తాకీ కూడా ఒక అసలు తేదీ, ఒక రికార్డు తేదీ ఉండే ఉంటాయి. సర్వీసులో కలిసొస్తుందనేవారు. ఆ జులై పన్నెండు వీసాలోకి, గ్రీన్‌కార్డులోకి, స్కూలు కంప్యూటర్‌లోకి వచ్చేసింది. మార్చి మూడు మాత్రం ఇంట్లో కేకు దగ్గరా, తెలుగు చర్చిలో పుట్టినరోజు ప్రార్థన దగ్గరా ఉండిపోయింది.

శనివారం మధ్యాహ్నం బోయ్డ్ ఇంటికొచ్చాడు. రత్నరాజు భార్య దెబోరా గారెలు వేసింది. మూడు తిని, నాలుగోది చేత్తో పట్టుకుని, ఆయన ఆవిడ భుజాల వెడల్పు అంచనా కట్టసాగాడు.

"ఏంటండీ ఈయన, సంతలో గేదెని చూసినట్టు చూత్తన్నాడు?" అంది దెబోరా తెలుగులో, మొహం మీద నవ్వు చెదరనివ్వకుండా.

"ఊరుకో. నీ కొడుకు ఎంత ఎదుగుతాడో నీలో చూసుకుంటున్నాడు."

"పళ్లు కూడా చూపించమంటారా?"

జూడ్ పకపకా నవ్వాడు. బోయ్డ్ కూడా, ఏమీ అర్థం కాకపోయినా, నవ్వి, "అబ్బాయ్, నీ పుట్టినరోజెప్పుడు?" అన్నాడు.

జూడ్ తండ్రి వైపు చూశాడు. బంతి ఎటు వస్తుందో కనిపెట్టడానికి చూసే చూపు అది. ఆ కాస్త వ్యవధిలో రత్నరాజుకి తను ఏం చెప్పవచ్చో అంతా కనిపించింది, గొంతు మాత్రం ఎప్పటి మాటే పలికింది.

"జులై పన్నెండు. తొంభై అయిదు."

"పదిహేడేళ్ల తొమ్మిది నెలలు," అన్నాడు బోయ్డ్ తృప్తిగా. "ఒక్క పని చెయ్యండి. మా పైఆఫీసరు నా కళ్లని నమ్మడు. మణికట్టు ఎక్స్‌రే తీస్తే ఎముకకి పెరిగే జాగా ఇంకా ఉందో లేదో తెలుస్తుంది. బుధవారం తీయించండి. అది బాగుంటే జూన్‌లో క్లబ్బులు పిల్లల్ని ఎంచుకునేటప్పుడు ఇతని పేరు పలికించే పూచీ నాది. ఈలోగా, ఆట చూసి సీటిస్తామన్న ఆ కాలేజీకి మాటిచ్చేయకండి. వచ్చే ఆదివారం మీ చర్చికి వస్తాను. అబ్బాయి ఎలాంటివాడో నలుగురినీ అడగాలి కదా."

కిందటి నెల అదే చర్చిలో పాస్టర్‌గారు జూడ్ తల మీద చెయ్యి పెట్టి, పంతొమ్మిది సంవత్సరాలు కాపాడిన దేవునికి స్తోత్రమని మైకులో అన్నారు. నూటయాభై మంది ఆమేన్ అన్నారు.

బోయ్డ్ కారు వెళ్లగానే దెబోరా నవ్వు తీసేసింది. "చెప్పెయ్యండి ఆయనకి."

"ఏమని? గవర్నమెంటుకి తప్పు తేదీ ఇచ్చామనా? మన సిటిజన్‌షిప్ అప్లై చేసి నాలుగు నెలలైంది. ఫామ్‌లో వాడి డేట్ నేనే నింపాను. కింద సంతకం కూడా నాదే."

"కాలేజీవాళ్లు శుక్రవారందాకానే ఆగుతామన్నారు. వీడు దాన్నొదిలేసి ఈయన వెనకాల పోయి, రెండేళ్లకి ఇంక ఎదగడని తేలిపోతే? ఇంటికి పంపేత్తారు. అప్పుడు కాలేజీ సీటు ఎవడిత్తాడు?"

రత్నరాజు గారెల పళ్లెం తీసుకెళ్లి సింకులో పెట్టాడు. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం అతని ఉద్యోగం. తప్పు ఎక్కడ పుట్టిందో తెలిస్తే దిద్దడం తేలికని కొత్తవాళ్లకి చెబుతుంటాడు. ఇది ఎక్కడ పుట్టిందో నిమిషంతో సహా తెలుసు. దాని మీద ఇల్లూ, కార్డులూ, ఈ దేశంలో తొమ్మిదేళ్ల బతుకూ కట్టుకున్నారు. ఏ ఇటుక లాగాలో తెలియడం లేదు. అంతకన్నా సిగ్గుచేటు ఇంకొకటుంది. బోయ్డ్ ఆ యాభై వేసినప్పుడు తను సంతోషించాడు. ఒక్క క్షణం, వీడికి నిజంగానే పదిహేడు అనిపించింది.

గ్యారేజీలో జూడ్ ఇనప కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడు. గోడకి వాడి తల ఎత్తున పెన్సిల్ గీత, పక్కన ఇవాళ్టి తేదీ.

"ఏం చేస్తున్నావురా?"

"స్ట్రెచింగ్. స్పైన్ కొంచెం లాంగ్ అవుతది అంట."

"దిగు. మాట్లాడాలి."

"చెప్పు డాడీ, వింటున్నా."

"నీకు పంతొమ్మిది, నాన్నా."

జూడ్ కమ్మీ వదల్లేదు. కాళ్లు మాత్రం ఊగడం ఆగిపోయాయి. "అట్ల అనకు. కార్డు మీద సెవెంటీన్ ఉంది."

"కార్డు మీద నేను రాయించాను."

"సో? అమ్మమ్మ వాళ్లకి డేట్స్ సరిగ్గా గుర్తుంటాయా? మే బీ నువ్వు రాసిందే కరెక్ట్." దిగి, అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "టీమ్‌లో అందరూ ఇంకా గ్రో అవుతున్నారు డాడీ. నేను ఎందుకు అవ్వను?"

రత్నరాజు గోడ మీది గీత చూశాడు. ఒకటే గీత అనుకున్నాడు. దగ్గరికెళ్తే ఒకదాని మీద ఒకటి పడ్డ గీతలు, పక్కన తేదీలు. మొదటిది 2011 ఆగస్టు.

బుధవారం మధ్యాహ్నం క్లినిక్‌లో వాళ్లిద్దరే ఉన్నారు. కౌంటర్ దగ్గరి అమ్మాయి ఫామ్ బిగించిన అట్ట రత్నరాజు చేతికిచ్చింది. "బాబు మైనర్ కదా. పేరెంట్ సంతకం కావాలి."

పేరు నింపాడు. తేదీ నింపాడు. కింద, పై వివరాలన్నీ సత్యమని ఒక వాక్యం, దాని కింద గీత. పెన్ను అక్కడ ఆగింది. ఎక్స్‌రేలో ఎముక పెరిగే జాగా మూసుకుపోయిందని వస్తే బోయ్డ్ తనంతట తనే తప్పుకుంటాడు, నోరు తెరవక్కర్లేదు. నాలుగురోజులుగా ఆ ఆశే పట్టుకుని ఉన్నాడు. కానీ ఆ మాట వినాల్సింది పక్కన కూర్చుని కుడి మణికట్టుని ఎడమచేత్తో రుద్దుకుంటున్న ఈ పిల్లాడు.

"డాడీ, సైన్ చెయ్యవా?"

"చెయ్యమంటే చేస్తాను."

అన్నాక తెలిసింది, బరువు ఎవరి మీదికి తోశాడో. జూడ్ అతని మొహం చాలాసేపు చూశాడు. తరవాత అట్ట తీసుకుని, కాగితం ఊడబెరికి మడిచి జేబులో పెట్టుకుని, అట్ట కౌంటర్ మీద ఉంచి బయటికి నడిచాడు. కారు పక్కన నిలబడి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు.

"మిస్టర్ బోయ్డ్, నేను జూడ్‌ని. ఎక్స్‌రే వద్దండి. నేనింక ఎదగను. రెండేళ్లనుంచి ఒక్క అంగుళం కూడా పెరగలేదు."

"ఆ సంగతి ఎముక చెప్పనీ బాబూ. పదిహేడేళ్లకి నీకేం తెలుసు?"

"నాకు తెలుసు సార్."

అవతల పుస్తకం పేజీలు తిరిగిన చప్పుడు. "నా దగ్గర ఏమైనా దాస్తున్నావా?"

రత్నరాజు ఫోన్ కోసం చెయ్యి చాపాడు. జూడ్ దాన్ని ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"లేదు సార్."

"అయితే బలం ముప్ఫై దగ్గరే ఆపాలి. ముప్ఫై బలంతో నీ పేరు పైకి పంపలేను. ఆదివారం కూడా రాను."

"థాంక్యూ సార్."

కారులో కూర్చున్నాక జూడ్ ఇంకో నంబరు నొక్కాడు. కాలేజీది. తను వస్తున్నానన్నాడు. అవతలి ఆవిడ సంతోషించి, ఫైలు తీయడానికి పుట్టిన తేదీ అడిగింది.

"జులై ట్వెల్వ్, నైంటీ ఫైవ్," అన్నాడు జూడ్. ఈసారి ఎవరి వైపూ చూడలేదు.

"ఇంకా పద్దెనిమిది రాలేదన్నమాట. మీ పేరెంట్ ఎవరైనా దగ్గరున్నారా? వాళ్లూ ఒక మాట ఒప్పుకోవాలి."

జూడ్ ఫోన్ తండ్రి నోటి ముందు పెట్టాడు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"యస్ అను డాడీ."

"సార్, ఈ వివరాలన్నీ కరెక్టేనా? అబ్బాయి చేరడం మీకు సమ్మతమేనా?" అంది ఆవిడ.

కారు అద్దాలు ఎక్కించి ఉన్నాయి. లోపల ఎండ ఉడికిపోతోంది. రత్నరాజు తాళం తిప్పలేదు.

"యస్," అన్నాడు.