మూడో చెయ్యి

కాలరు తిరగేసి, మొన తీరుగా రావడానికి గోటితో గీరి, పక్క బల్ల మీదికి తోసింది కాలరమ్మ. బట్టల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా ఆమె కుట్టేవి కాలర్లే; అందుకే ఆ పేరు. చేతులు కుట్టేవాళ్లు వేరు, గుండీలు వేసేవాళ్లు వేరు. చొక్కా మొత్తం ఎలా కుట్టాలని అడిగితే ఆమె మెడ దగ్గరే ఆగిపోతుంది.

అక్కకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. నైటీ తలమీంచి తొడిగినప్పుడల్లా భుజం నొప్పికి విలవిల్లాడిపోతోంది. “ఇన్నేళ్లుగా ఊరందరికీ కుడుతున్నావు, ముందువైపు తెరుచుకునే గౌను నాకోటి కుట్టలేవటే?” అంది. రాదని చెప్పడానికి కాలరమ్మకు నోరు రాలేదు. కటింగు మేస్త్రి కాళ్లావేళ్లా పడి గుడ్డ కత్తిరింపించుకుంది. సొంత గుడ్డ కుట్టుకోవడానికి ఫ్యాక్టరీ మిషను మాత్రం ఇవ్వరు.

మధ్యాహ్నం సెలవు పెట్టి మిషన్ల కొట్టుకు వెళ్లింది. కొట్టాయన కాలి మిషను ముందు స్టూలు వేశాడు. ఆమె కూర్చుని, పాదం ఆనించి, నొక్కి ఊరుకుంది. మిషను కదల్లేదు.

“నొక్కి కూర్చుంటే ఎలాగమ్మా? తొక్కాలి!”

“మా దగ్గర నొక్కితే చాలండీ, అదే పరిగెడుతుంది.”

తొక్కింది. చక్రం వెనక్కి తిరిగి దారం పుటుక్కున తెగింది. మళ్లీ తొక్కింది. మళ్లీ తెగింది.

“కొత్తగా నేర్చుకుంటున్నావా?”

“ఊఁ” అంది.

కరెంటుదాని ధర చీటీ చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. ప్లాస్టిక్‌ది చవకే గానీ రెండు మడతలకే మూలిగి ఆగిపోయింది. చివరికాయన చేత్తో తిప్పే పాతదొకటి దుమ్ము తుడిచి పెట్టాడు.

“దీని ధర నీకు అందుతుంది. కాకపోతే ఒక చెయ్యి చక్రానికే పోతుంది.”

రెండు చేతులూ గుడ్డ మీద లేకపోతే ఆమెకు దిక్కు తోచదు. వద్దని లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. అక్క కుడిచెయ్యి బాగానే ఉంది కదా!

“అదే ఇవ్వండి.”

ఇంటికి తెచ్చి, మంచానికి ఆనించి బల్ల వేసి, అక్క వీపు వెనక దిండ్లు పేర్చింది. పిడి అక్క చేతికి అందించింది.

“తిప్పడానికి నేను కావలసి వచ్చానటే? బాగుంది నీ పనితనం!”

“నోరు కాదు, చెయ్యి తిప్పక్కా.”

“కాలరు కూడా పెట్టు.”

“గౌనుకు కాలరేమిటి?”

“నీకు వచ్చింది అదొక్కటేగా,” అంది అక్క, తిప్పుతూనే.

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. కుట్టు వంకర పోయింది.

ఒక పక్క కుట్టు నడుము దాకా వచ్చేసరికి చక్రం ఆగింది. అక్క కళ్లు మూసుకుని ఉంది. కునుకు పట్టిందనుకుంది కాలరమ్మ. చప్పుడుకు లేస్తుందని చక్రం ముట్టుకోలేదు. దారపు కొసలు కత్తిరిస్తూ కూర్చుంది. కిటికీలోంచి పడ్డ ఎండ బల్ల దిగి నేల మీదికి పాకింది.

“అక్కా, ఇంకొంచెమే.”

చెయ్యి పట్టుకుంది. అది చల్లగా ఉంది. పిలిచింది. పిలుస్తూనే ఉంది.

ఇరుగుపొరుగు వచ్చారు. దారి కోసం ఎవరో బల్లను గోడ వైపు జరిపారు. గౌను అంచు నేలకు వేలాడుతోంది. సూది మాత్రం నడుము దగ్గర, గుడ్డలో దిగే ఉంది.