తలకేమైనా తగిలిందా?

ఆదివారం చర్చికి వెళ్లేముందు అత్తమ్మకు తల దువ్వి ముడివెయ్యడం నా పని. మూడు వారాలుగా ఆమె దువ్వెనను కుడివైపుకు రానివ్వడం లేదు. “మెల్లగా దువ్వవే జీవరత్నం, చానా నొప్పిగా ఉంది” అనేది. ఎండదెబ్బ అన్నారు మామయ్య. “పని తప్పించుకోను వంకలు” అన్నాడు నా భర్త ప్రభాకరరావు. తెల్లారకముందే లేచి ఇంటిల్లిపాదికీ వండిపెట్టే మనిషికి వంకలట! నిన్న ఆమె ఎడమచేతిలోంచి గిన్నె జారిపోయింది. ఇవాళ పొద్దున ఎంత పిలిచినా కళ్లు తెరవలేదు. నరసరావుపేట నుంచి బాడుగ కారులో గుంటూరు ఆసుపత్రికి తెచ్చాం.

డాక్టరుగారు ఆమె కళ్లలోకి లైటు వేసి చూసి మావైపు తిరిగారు. “తలలో రక్తం చేరినట్టుంది. ఎందువల్లో ఎక్స్‌రేలో తెలియదు. నరం దానంతటదే చిట్లితే కదలకుండా పడుకోబెట్టి మందులిస్తాం. దెబ్బ తగిలి గడ్డకడితే ఎముకకు రంధ్రం పెట్టి తియ్యాలి, అదీ వెంటనే. ఈమధ్య తలకేమైనా తగిలిందా?”

“ఏమీ తగల్లేదండీ. దానికి రక్తపోటు” అన్నారు మామయ్య. ఆయన బడిపంతులు, సంఘపెద్ద. ఆయన మాట ఎవరు కాదంటారు? నా భర్త నేలచూపులు చూశాడు.

దెబ్బ తగిలిన రోజు తనూ ఇంట్లోనే ఉన్నాడు. కూర ఆలస్యమైందని మామయ్య ఆమె జుట్టు పట్టుకుని ద్వారబంధానికేసి కొట్టారు, రెండుసార్లు. బొప్పికి పసుపు అద్దింది నేనే.

“సరే, పడుకోబెట్టి చూద్దాం” అని డాక్టరుగారు కలం తీశారు.

చెబితే ఆ ఇంట్లో నాకు చోటుండదు. నాలుగేళ్ల పిల్లను చంకనేసుకుని మాచవరంలో అన్న గుమ్మం ఎక్కాలి. చెప్పకపోతే ఈమె ఇక లేవదు. కాలుజారి పడిందనేద్దామా? అదీ మామయ్య కాదంటారు. ఎక్కడ, ఎలా అని అడిగితే నేను తడబడతాను. అంత భయం నేనెన్నడూ ఎరగను.

“తగిలిందండీ” అన్నాను. “మూడు వారాలైంది. కుడివైపు. మామయ్యే ద్వారబంధానికేసి కొట్టారు. నేను చూశాను.”

“ఏమే!” మామయ్య చెయ్యి లేచింది. డాక్టరుగారు చూస్తున్నారని మళ్లీ దిగింది. ఆ చెయ్యి చూశాక ఆయన ఇంకేమీ అడగలేదు. నా భర్త చేత సంతకం పెట్టించుకుని, ఆపరేషన్‌కు సిద్ధం చెయ్యమని నర్సుకు చెప్పారు.

అత్తమ్మను లోపలికి తీసుకెళ్లారు. పోతే నా మాటే చంపిందంటారు. బతికి లేస్తే, ఇంటి గుట్టు బజారున పెట్టానని మొదట తిట్టేది ఆమే.

తిట్టనీ. నోరారా తిట్టనీ.