అనుమానానికి కారణం

మా గదిలో ఆరుగురం, గల్ఫ్‌కు పనికొచ్చినవాళ్ళం. మామీర్‌లో, సిత్రా ఫ్యాక్టరీలను ఆనుకుని మా క్యాంపు. గాలి ఇటు తిరిగితే కిటికీ మూసుకోవాలి, అటు తిరిగితే తెరుచుకోవచ్చు. పదకొండేళ్ళలో ఇక్కడి వాతావరణం గురించి నేను తెలుసుకున్నది ఇంతే. ఆరుగురిలో నేనే వయసులో పెద్ద, ఇంటర్ దాకా చదివినవాణ్ణి, స్కాఫోల్డింగ్ ఫోర్‌మాన్‌ని. పేరు పరశురాం. కులం ఏమిటని ఎవరడిగినా మున్నూరు కాపు అని చెప్పేవాణ్ణి. అది అబద్ధం. మేం ఎరుకలవాళ్ళం.

విమానం దిగిన మూడో రోజున ఒకాయన అన్నం కంచం ముందు పెట్టుకుని, "మీరేమోళ్లు తమ్మీ?" అన్నాడు. నేను ఆలోచించేలోపే నా నోరు జవాబు చెప్పేసింది. ఊళ్ళో అయితే దాగదు. ఇక్కడ మా వాడ లేదు, పందులు లేవు, వెదురు లేదు, ముఖం చూసి పోల్చేవాడు లేడు. ఆ అబద్ధం మీద హాయిగా తిన్నాను, హాయిగా వండి పెట్టాను. శుక్రవారం మటన్ నా చేతిదే కావాలనేవాళ్ళు.

రెండేళ్ళ కింద నర్సింగ్‌ను మా గదిలో వేశారు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, మెట్‌పల్లి దిక్కు, స్కాఫోల్డింగ్ పైపుల మీద పిల్లిలా నడుస్తాడు. వాడి కులం ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు. ఒకరోజు క్యాంపు గేటు దగ్గర ఖర్జూరం చెట్ల మట్టలు కొట్టి పడేశారు. నర్సింగ్ ఓ మోపు మోసుకొచ్చి, చాకుతో చీల్చి, సాయంత్రానికల్లా ఉల్లిగడ్డలకు బుట్ట అల్లేశాడు. చూడగానే నా వేళ్ళు ఊరుకోలేదు. అంచు కట్టిన తీరు అచ్చం మా అమ్మ కట్టే తీరు.

"గిది మా ఊళ్ళె ఎరుకలోళ్లు అల్లినట్టే ఉన్నదిరా," అన్నాడు దేవేందర్. దేవేందర్ మా గదిలో వెల్డరు, నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి.

"మేము ఎరుకలోళ్లమే గదన్నా," అన్నాడు నర్సింగ్, తలైనా ఎత్తకుండా.

అంత తేలిగ్గా అన్నాడు. నాకు వాడి మీద ఒళ్ళు మండింది. దాచుకోవడం కష్టపడి నేర్చుకున్నవాడికి, దాచుకోనివాడు కళ్ళెదుట తిరిగితే మంటే.

ఆ వారంలోనే కొక్కేలకు వేలాడే పర్సులు జేబుల్లోకి పోయాయి. కోల్డ్ స్టోర్‌లో, అంటే క్యాంపు పక్క కిరాణా కొట్లో, తాళాలు కొనుక్కొచ్చి పెట్టెలకు వేసుకున్నారు. నేనూ కొన్నాను. నేనొక్కణ్ణే కొనకపోతే ఎందుకని అడుగుతారేమోనని భయం. దేవేందర్ రోజూ "సోది చెప్పు నర్సింగ్, నాకు ప్రమోషన్ ఎప్పుడొస్తది?" అని అరచెయ్యి చాపేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, నర్సింగ్ కూడా. నేనూ నవ్వాను. ఒకసారి డ్యూటీ బస్సులో నా పక్కన కూర్చుని నర్సింగ్ మెల్లగా మా భాషలో ఏదో అడిగాడు. బువ్వ తిన్నావా అని ఇంట్లో అడిగేంత మామూలు మాట.

"ఏమంటున్నవ్‌రా, నాకు సమజ్ కాలే," అన్నాను.

వాడు నా మొహంలోకి ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగాడు. మళ్ళీ ఎప్పుడూ నాతో మా భాష మాట్లాడలేదు.

పోయిన చలికాలంలో మా గదిలోని రాజనర్సు సెలవు మీద ఇంటికి పోవడానికి తయారయ్యాడు. నాలుగేళ్ళ తర్వాత పోతున్నాడు. భార్య దుర్గవ్వకు రెండు తులాల గొలుసు కొన్నాడు. కొన్న రోజు గదిలో అందరి అరచేతుల్లోనూ పెట్టి చూపించాడు, నర్సింగ్ చేతిలో తప్ప. ప్రయాణం వారం ఉందనగా శుక్రవారం పొద్దున పెట్టె తెరిస్తే గొలుసు లేదు. రాజనర్సు మంచం మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపుకు నేను ఈరోజుకీ వంక పెట్టను.

ఎవరూ ఎవరి పేరూ ఎత్తలేదు. అప్పుడే నర్సింగ్ స్నానం చేసి తువ్వాలుతో లోపలికి వచ్చాడు. గొలుసు పోయిందన్న మాట చెవిన పడగానే మంచం కింద నుంచి ట్రంకు లాగి, ఉన్నదంతా తీసి పక్క మీద పరిచాడు. మూడు చొక్కాలు, ఓ దుప్పటి, ఫోను చార్జరు, షేవింగ్ సామాను, కొడుక్కి కొన్న బొమ్మ కారు. తర్వాత ప్లాస్టిక్ కవరు విప్పి ఒక్కో వస్తువు మీద ఒక్కో కాగితం పెట్టుకుంటూ పోయాడు. అవన్నీ బిల్లులు.

"చూసుకోండ్రన్నా," అన్నాడు.

"నిన్నెవలు అడిగిండ్రురా?" అన్నాడు దేవేందర్. "బనీనుకు గూడ బిల్లు దాసుకున్నవా? గింత తయారుగ ఎవడుంటడు?"

గదిలో చూపులన్నీ వాడి మీదే నిలిచిపోయాయి. ఎవరూ అడగకముందే పెట్టె తెరవడమే వాడు చేసిన తప్పు. ఆ తప్పు మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. ఎందుకు చేశాడో ఆ గదిలో తెలిసింది నా ఒక్కడికే.

మా తాతల కాలంలో మా కులం మొత్తాన్ని పుట్టుదొంగలని చట్టంలో రాశారు. రోజూ ఠాణాకు పోయి హాజరు వేయించుకోవాలి, పక్క ఊరికి పోవాలంటే చీటీ కావాలి. ఆ చట్టం పోయింది గానీ పోలీసులకు ఆ సంగతి చెప్పినవాడు లేడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఎక్కడో దొంగతనం జరిగితే మా వాడకు జీపు వచ్చింది. మా ఇంట్లో ఉన్నది ఒక్క ఇత్తడి బిందె. దీని బిల్లేదిరా అన్నారు. బిందెకు బిల్లు ఎవరిస్తారు? అది మా అమ్మ పెళ్ళికి వచ్చింది. నాన్నను జీపులో ఠాణాకు పట్టుకుపోయారు. నాలుగు రోజుల తర్వాత గోడ పట్టుకుని నడుచుకుంటూ ఇల్లు చేరాడు. ఆ ఏడాది నుంచి మా అమ్మ సబ్బుబిళ్ళ కొన్నా చీటీ అడిగి తెచ్చి బిస్కెట్ డబ్బాలో వేసేది. కోమటాయన నవ్వేవాడు, అయినా రాసిచ్చేవాడు. మా వాడలో ప్రతి ఇంట్లోనూ అలాంటి డబ్బా ఒకటుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. మంచం అంచున కూర్చుని గోళ్ళు చూసుకున్నాను.

పది గంటలకు క్యాంపు ఇన్‌ఛార్జి భీమేశ్వరరావు వచ్చాడు. అమలాపురం దగ్గరి ఊరు ఆయనది, ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనని మనిషి. విషయమంతా నిలబడే విన్నాడు.

"పోలీసులూ కేసులూ అంటే కంపెనీకి తలనొప్పండీ. ఈ ఫారం నింపి, గదిలోవాళ్ళు ముగ్గురు సంతకం పెట్టండి చాలు. ఇతని వీసా క్యాన్సిల్ చేసి వచ్చే వారం విమానం ఎక్కించేస్తారు. ఖలాస్."

"నేను తియ్యలే సార్," అన్నాడు నర్సింగ్. "దుబాయి పోయి గూడ దొంగతనం జేసిండని ఊళ్ళె అంటరు. నాతోని అయిపోదది. రేపు మా వాడ పోరగాళ్లను ఎవ్వడు పనికి పిలువడు."

"నిజమేనయ్యా, కానీ నేనేం చెయ్యగలను చెప్పు," అన్నాడు భీమేశ్వరరావు. ఫారం నా చేతిలో పెట్టాడు. "పరశురాం గారూ, మీరే రాయండి. మీ అక్షరం బావుంటుంది."

గదిలో ఏ కాగితమైనా నేనే రాస్తాను. పెన్ను తీసుకున్నాను. గది నంబరు రాశాను. పోయిన వస్తువు, గొలుసు, రెండు తులాలు. అనుమానితుని పేరు, నర్సింగ్. రాస్తుంటే వాడు నన్నే చూస్తున్నాడని తల ఎత్తకుండానే తెలుస్తోంది. దాని కింద ఇంకో గడి ఉంది. అనుమానానికి కారణం.

"ఇక్కడేం రాయాలె?" అన్నాను.

దేవేందర్ అన్నాడు, "ఎవలు అడగకముందే ట్రంకు తీసిండు గదా, గది రాయి."

"తీస్తే ఏం దొరికింది?"

"బిల్లులు."

"బిల్లులు దొరికినయని రాయాల్నా?"

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. దేవేందర్‌కు చిరాకు వచ్చింది. "అన్నా, నీకు తెల్వనట్టు అడుగుతవేంది? వాడు ఎరుకలోడని రాయి. అసలు సంగతి గదే గదా."

దేవేందర్ దుర్మార్గుడు కాడు. అంతకుముందు వారమే నర్సింగ్‌కు జ్వరమొస్తే మందుబిళ్ళ తెచ్చిచ్చి, రాత్రంతా లేచి లేచి చూశాడు. ఆ చేత్తోనే ఈ మాటా అనగలిగాడు. అందుకే నాకు మరీ భయం వేసింది.

రాశాను. "కారణం, ఎరుకల కులం," అని పైకి చదివాను. భీమేశ్వరరావు ఇబ్బందిగా కదిలాడు. నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. సిగ్గు వచ్చింది. పదకొండేళ్ళ సిగ్గు. మళ్ళీ పై గడిలోకి పోయి, నర్సింగ్ పేరు పక్కన ఇంకో పేరు రాశాను.

"అనుమానితులు, నర్సింగ్, పరశురాం," అని చదివాను.

దేవేందర్ నవ్వాడు. "గిదేం పరాచికమన్నా?"

నేను లేచి నా పెట్టె తాళం తీశాను. బట్టలన్నీ పక్కకు నెట్టి, అడుగున ఉన్న పాత పాలపొడి డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించాను. పదకొండేళ్ళ బిల్లులు. చెప్పులవి, చొక్కాలవి, గొడుగుది. ఆఖరికి నర్సింగ్ వల్ల కొన్న తాళానిది కూడా.

"నేను సుత ఎరుకలోణ్ణే," అన్నాను. "మున్నూరు కాపు అని చెప్పింది అబద్ధం."

నా చేతి మటన్ తిన్న మనుషులు నా చేతులవంకే చూస్తున్నారు.

"మీ సంగతి వేరు కదండీ," అన్నాడు చివరికి భీమేశ్వరరావు.

"ఎట్ల వేరు సార్? కారణం ఒక్కటే రాసిన, ఇద్దరికి సరిపోతది. పంపితే ఇద్దర్ని పంపుండ్రి. లేకుంటె పోలీసులను పిలువుండ్రి. ఆరుగురి పెట్టెలు తెరువనీ, నాది, దేవేందర్‌ది, అందరియి. ఒక్కని పెట్టె తెరిచి కాయిదం రాసుడు మాత్రం నా చేతుల కాదు." పెన్ను రాజనర్సు ముందు పెట్టాను. "నీ సొమ్ము పోయింది, ముందు నువ్వు పెట్టు సంతకం."

రాజనర్సు పెన్ను తీసుకోలేదు. చాలాసేపు కాగితం చూసి, చేతి వెనక భాగంతో మెల్లగా జరిపేశాడు. దేవేందర్ గోడ వైపు తిరిగాడు. సంతకాలు లేని ఫారం ఎందుకూ పనికిరాదు. భీమేశ్వరరావు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

నర్సింగ్ నాకు దండం పెట్టలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. బిల్లులు ఏరుకుంటూ ఒక్క మాట అడిగాడు.

"బస్సుల నేను మన మాటల అడిగిననాడు నీకు సమజైంది గదా?"

"అయింది."

వాడు పది రోజులు నాతో మాట్లాడలేదు. వాడి కోపానికి నేను తగినవాణ్ణే.

ఇద్దరు మరుసటి వారమే వేరే గదికి మారారు. దేవేందర్ నాలుగు రోజులు కోల్డ్ స్టోర్ రొట్టెలు తిన్నాడు. ఐదో రోజు కంచం పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. వడ్డించాను. రాజనర్సు ఊరికి పోయే పొద్దున నా చెయ్యి పట్టుకుని, "నీ మీద నాకు అనుమానం లేదన్నా," అన్నాడు. "నర్సింగ్ మీద?" అన్నాను. సూట్‌కేస్ జిప్పు సరిగ్గా పడిందో లేదో ఇంకోసారి చూసుకుని బయల్దేరాడు.

గొలుసు దొరకలేదు. ఈరోజుకీ దొరకలేదు. ఈ సంగతి ఎవరికి చెప్పినా, అంతా విని, అయ్యో అని, ఆఖరున అడిగేది మాత్రం అదే, దొరికిందా అని. లేదంటే ఒక్క క్షణం ఆగుతారు. వాళ్ళ మనసు ఎటు పోయిందో నాకు తెలిసిపోతుంది.

మొన్న శుక్రవారం నా బిడ్డ మల్లికకు ఫోన్లో ఇదంతా చెప్పాను. కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. కులం అడిగితే మాట దాటేస్తుందట, నన్ను చూసే నేర్చుకుంది. చివరిదాకా విని, "గొలుసు దొరికిందా బాపూ?" అంది.

"దొరకలే బిడ్డా."

తర్వాత చిన్న గొంతుతో, "నర్సింగ్ కాక నిజంగ తియ్యలేదు గదా?" అంది.

నా కన్నబిడ్డ. కోపం రాలేదు గానీ లోపల ఏదో తెగినట్టయింది. నర్సింగ్ నా పక్కనే కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. ఫోను స్పీకర్లో ఉంది, వాడికి అంతా వినపడింది. కత్తి ఆగింది.

"నా పక్కనే ఉన్నడు," అన్నాను. "నువ్వే అడుగు బిడ్డా."

ఫోను వాడి చేతికిచ్చాను. నర్సింగ్ లుంగీకి చేతులు తుడుచుకుని, ఫోను దగ్గరగా పట్టుకుని, "మంచిగున్నవా బిడ్డా?" అన్నాడు, మా భాషలో.