కలిపేసిన గడులు

పొద్దున్నే ఆపరేటరమ్మ వచ్చి కంప్యూటర్ ఆన్ చేసేది. అది లేచేలోపు టీ తాగేసేది. ఇక సాయంత్రం దాకా ఒకటే పని. తెర మీద ఎడమవైపు పాత ఎక్సెల్ షీట్, కుడివైపు కొత్త డేటాబేస్ ఫారం. ఇక్కడ పేరు కాపీ, అక్కడ పేస్టు. ఇక్కడ వీధి కాపీ, అక్కడ పేస్టు. ఇక్కడ మనిషి సంఖ్య కాపీ, అక్కడ పేస్టు. సేవ్. మళ్ళీ ఇంకో మనిషి. ఊరు ఊరంతా ఆ షీట్‌లోనే ఉందాయె, ఎక్కించేది ఆవిడ ఒక్కతే.

కొత్త ఫారంలోకి ఎక్కనివాళ్ళు పలచబడిపోతున్నారు. ముందు నీడ పోయేది, తర్వాత గొంతు, ఆ తర్వాత మనిషే. జనం కిటికీ దగ్గరికొచ్చి "ఏమ్మా, మా వీధి ఎప్పుడొస్తుంది?" అని విసుక్కునేవాళ్ళు. గొంతు పోయినవాళ్ళు అద్దం మీద టకటకా కొట్టేవాళ్ళు. కరెంటు పోతే ఎంత గొణుక్కుంటారో అంతే గొణుక్కున్నారు.

ఫారం పెట్టినవాళ్ళే ఆఫీసువాళ్ళని ముందే ఎక్కించేశారు కాబట్టి ఆపరేటరమ్మకి ఏ లోటూ లేదు. ఆవిడ బెంగంతా మొగుడి మీదే. ఆయన దర్జీ. వాళ్ళది ఊరి చివరి వీధి, అంటే షీట్‌లో అట్టడుగు. ఫారమేమో వరస తప్పితే ఒప్పుకోదు. దొంగతనంగా ఆయన్ని ముందు ఎక్కించబోతే "ముందు వరసలు పూర్తి చేయండి" అని తలుపేసినట్టు చెప్పేసింది. శుక్రవారం సాయంత్రం ఐదింటికి పాత షీట్ తీసేస్తారు. ఆ తర్వాత మిగిలినవాళ్ళ సంగతి అంతే.

బుధవారం ఆయన గొంతు పోయింది. శుక్రవారం పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే, ఆయన మొహంలోంచి వెనక గోడకున్న మేకు కనిపించింది. ఆవిడ స్నానాల గదిలోకి వెళ్ళి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"అన్నయ్యా, దీనికి సాఫ్ట్‌వేర్ లాంటిదేదైనా ఉండి చావదా?" అని ఆఫీసులో పక్క సీటు గుమాస్తాని అడిగింది.

"లేకేం తల్లీ, బోలెడున్నాయి. ప్రతిదీ అన్నీ చేసేస్తాననే అంటుంది."

మొదటిది వీధి మొత్తాన్నీ తీసుకెళ్ళి ఒకే పేరు గడిలో కుక్కేసింది. రెండోది కాసేపు పరిగెత్తి, ట్రయల్ అయిపోయిందని చేతులెత్తేసింది. మూడోది పుట్టినతేదీల్లో రోజుని నెల అనుకుని, పదమూడో నెల ఎక్కడుందో చూపించమని కూర్చుంది. మధ్యాహ్నం దాటిపోయింది. ఆవిడ అన్నం ముట్టలేదు.

నాలుగోది కాస్త మర్యాదగా ఉంది. "ఒక మనిషిని ఎక్కించి చూపించండి. మిగతావాళ్ళని అలాగే ఎక్కిస్తాను" అంది. ఆవిడ చూపించింది. అది మొదలుపెట్టింది గానీ, ప్రతి మనిషికీ వీధి దగ్గరికొచ్చేసరికి ఆగి, ఊపిరి పీల్చుకుని, అప్పుడు ముందుకి కదులుతోంది.

"దీని మొహం మండ! చూపించేటప్పుడు అక్కడ ఆగి కళ్ళు తుడుచుకున్నానన్నయ్యా. నా ఏడుపు కూడా నేర్చేసుకుంది!"

"అయితే ఏడవకుండా చూపించు," అన్నాడు గుమాస్తా.

పళ్ళు బిగబట్టి మళ్ళీ చూపించింది. ఈసారి అది ఉరికింది. వీధి తర్వాత వీధి. వసారాలో ఒక్కొక్కరికీ నీడ తగులుకుంది, గొంతులొచ్చాయి, ఒకటే గోల. ఆఖరి వీధి వచ్చింది. దర్జీ ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. నిలబడిందల్లా ఖాళీ చొక్కా, దాని పైన గాలిలో వేలాడే కొలతల టేపు.

సరిగ్గా ఆయన దగ్గర అది ఆగిపోయింది.

"ఈ రెండు వరసల గడులూ కలిసి ఉన్నాయి. కింది మనిషికి సంఖ్య లేదు. వదిలెయ్యాలా? పై మనిషిలోనే కలిపెయ్యాలా?"

పై మనిషి ఆవిడే. పెళ్ళైన కొత్తలో ఆయన పేరు తన పేరు కింద చేర్చుకుని, ముచ్చటపడి పేర్లు తప్ప మిగతా గడులన్నీ కలిపేసింది. పైవే మిగులుతాయి, కిందవి పోతాయి అని కంప్యూటర్ అప్పుడే హెచ్చరించింది. అలాంటివి ఎవరు చదువుతారు? ఓకే నొక్కేసింది. మనిషికొకటి చొప్పున సంఖ్యలిచ్చే పాత యంత్రం ఆయనకిచ్చిన సంఖ్య అలా పోయింది. ఆ యంత్రం ఇప్పుడు లేదు, ఇంకో సంఖ్య పుట్టదు.

"కలపకమ్మా," అన్నాడు గుమాస్తా గోడ గడియారం చూస్తూ. "ఒక్కరికున్నది ఇద్దరికి ఎక్కడ సరిపోతుంది?"

"నోరు మూసుకో అన్నయ్యా! ఆయన లేకపోయాక అంతా నాకే ఉండి ఏం చేసుకోను?"

కలిపెయ్యమని నొక్కింది.

చొక్కాలోకి భుజాలొచ్చాయి, కాలర్ పైన మెడ, ఆ పైన గడ్డం మాసిన మొహం. "ఏమే, ఏడుస్తున్నావా?" అన్నాడాయన. ఆయన మాట ముగియకముందే లేదని చెప్పబోయింది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ఆయన మాట పూర్తయ్యాక వచ్చింది. "లేదండీ."

బయటికొచ్చారు. ఎండ ఇంకా ఉంది. మెట్ల మీద ఇద్దరికీ కలిపి ఒక్కటే నీడ పడింది. అది చూసి ఆయనకి అంతా అర్థమైంది.

"ఎంత పని చేశావే! నిన్ను నువ్వు..."

ఆయన తిడుతున్నంతసేపూ ఆవిడ నోరు ఊరికే కదులుతోంది. ఆయన చప్పున ఆగిపోయి, మాట ఆవిడకి వదిలేశాడు.

"ఇంటికెళ్దాం పదండి," అందావిడ.