ఇరువదవ పటము

భాద్రపదమున చింతలగిరి కొండలపై వాన మీదనుండి రాలునట్లు తోచదు. మేఘమే నేలకు దిగి చెట్ల మొదళ్లను తడిపి రాతి నెఱ్ఱియలలోనికి జొరబడి ఆకుల యడుగుభాగములనుండి చుక్కచుక్కగా జారుచు పగటినెల్ల సంధ్యగా మార్చివైచును. ఆ తడిచీకటియందు ఎండ యెఱుగని జీవకోటి వెలువడి తన సంసారమును తాను చక్కబెట్టుకొనుచుండును. మానవుడు గొడుగు చాటునుండి చూచి పురుగులని యేవగించుకొని పోవును. కొందఱు మానవులు చూడకయే వానిమీద గ్రంథములు వ్రాయుదురు.

ఆ జీవులలో దీర్ఘపాదులను తెగ యొకటి కలదు. జనులు దీనిని పొడుగుకాళ్ల సాలీడందురు గాని యెనిమిది కాళ్లు తప్ప సాలీటితో దీనికి పోలిక స్వల్పము. దీనికి నడుము లేదు. తలయు పొట్టయు నేకమై కందిగింజవలె నుండును. వీపుపైని చిన్న బొడిపెమీద రెండే కన్నులుండును. దారము వడుకుటగాని విషము గ్రక్కుటగాని యెఱుగని యీ ప్రాణికి పులిసిన వాసన యొకటి విడుచుటయు పట్టుబడిన కాలిని శత్రువునకే వదలి తప్పించుకొనుటయు మాత్రమే యాయుధములు. వదలిన కాలు చాలసేపు తనంతట తాను గిలగిల కొట్టుకొనుచుండును. ఇంతటి దీనజాతియందు ప్రకృతి చూపిన వైవిధ్యమునకు మేర లేదు. ఆవగింజకంటె చిన్నవై ఆకుకుళ్లులో నల్లులవలె ప్రాకునవి కొన్ని. వెండ్రుకలవంటి కాళ్లపై దేహమును ఊయలవలె నూపుచు గుహల గోడలమీద గుంపులు గట్టునవి కొన్ని. ముండ్ల చేతులు ముడుచుకొని కవచధారులైన భటులవలె రాళ్లక్రింద పొంచియుండునవి మఱికొన్ని.

వీనినెల్ల తెగలుగా విభజించి నామకరణము చేయు భారమును చింతలగిరి సంస్థానాధీశుడు తన చిత్రవస్తుశాలాధికారియగు వడ్లమాని సోమనాథశాస్త్రిపై నుంచెను. శాస్త్రి కొండ యెక్కగా చూచినవారు లేరు. పోతమ్మ యను కొండదొరల తెగ స్త్రీ బుట్టలో తెచ్చిన ప్రాణులను సారాయి నింపిన గాజుబుడ్లలో ముంచి చచ్చినపిదప భూతద్దముక్రింద నుంచి కాళ్ల కణుపులను తొడల ముండ్లను లెక్కించి సంఖ్య మాఱినచోటనెల్ల జాతి మాఱినదని వ్రాయుట యాతని పద్ధతి. చింతలగిరియందు ఇరువది జాతులున్నవని లెక్క ముగియకమునుపే యాతడు రాజసభలో చాటెను. పందొమ్మిదవ దానికి రాజుగారి పేరు పెట్టెను. దానికి వెనుకతొడలు నున్ననివి. ఇరువదవది వన్నెయందును పరిమాణమునందును దానివంటిదే గాని వెనుకతొడలపై రెండు పెనుముండ్లు కలిగి యెల్లప్పుడు గుడ్లపై కూర్చుండి దొరకుచుండెను. గుడ్లపై కూర్చున్నది తల్లియే గదా యని శాస్త్రి దానికి వత్సలమాత యని పేరిడెను. రెండును ఒక్క రాతిక్రిందనే దొరకుట యాతని కెన్నడును సందేహము కలిగింపలేదు.

శాస్త్రికి పేరిందేవి యను కూతురు కలదు. తల్లి పురిటియందు చనిపోగా పదునొకండవ దినమున శిశువును పల్లెలోని పెద్దమ్మ చేతిలో పెట్టి వచ్చిన యాతండు పదునాలుగు సంవత్సరములలో రెండుమాఱులు మాత్రమే ఆ గడప త్రొక్కెను. అంతట నొకనాడు ఆ పల్లె బడిపంతులు వస్తుశాలను చూడవచ్చి ఒక బాలిక పలకపై గీసిన మిడుతనుగూర్చి ప్రశంసించెను. ఆ బాలిక తన కూతురే యని తెలిసిన వారము దినములలో శాస్త్రి బండి పంపెను. నాటినుండి రెండేండ్లుగా ఆతని గ్రంథమునకు పటములన్నియు నా పిల్ల గీయుచుండెను. పటములక్రింద ఆమె పేరు లేదు. క్రొత్తవారు వచ్చిన తలుపుచాటునకు పోవునట్టి బిడియముగల యా కన్య నోట చెప్పలేనిదంతయు ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుచుండెను.

ఇరువదవ పటము ప్రాణమున్న దానిని చూచి గీయవలెనని ఆమెకు తోచెను. వస్తుశాల వెనుక వాలుబండక్రింద గుడ్లను కాచుకొనియున్న ముండ్లతొడల ప్రాణిని పోతమ్మ చూపగా ప్రతిదినమును ప్రాతఃకాలమునను సాయంసంధ్యయందును ఆమె యచట కూర్చుండి చూచెను. పుస్తకమున నిట్లు వ్రాసెను. "నేడు నున్నతొడలది వచ్చెను. రెండవజత కాళ్లతో కాపరి వీపు తట్టెను. ఒక గుడ్డు పెట్టి పోయెను. కాపరి దానికి మట్టి పూసెను." నాలుగు దినముల పిమ్మట: "మఱియొక నున్నతొడలది. ఇదియు పెట్టి పోయెను. గుడ్లన్నియు నొక్క వన్నెలో లేవు. తెల్లనివి క్రొత్తవి. పచ్చనివి పాతవి. మిక్కిలి పాతవానిలో నల్లని కన్నులు కనబడుచున్నవి. ఒక్క తల్లి యొక్కనాడు పెట్టినచో నిట్లుండునా?" అటుపిమ్మట: "చీమలు వచ్చెను. కాపరి తఱిమెను. పదునొకండు దినములలో బండ విడిచి పోవుట నేను చూడలేదు."

పోతమ్మ ప్రక్కన గొంతుకూర్చుండి నవ్వెను.

"ఈడు మొగోడమ్మా, అమ్మాయిగోరూ. ఆడది గుడ్డెట్టేసి ఎల్లిపోద్ది, మరి తిరిగి సూడదు. ఈడే కాసుకు కూకుంటాడు. మా ఇంటాయన్ని లాక్కొచ్చి సూపించాల. సిగ్గొస్తాదో నేదో!"

పేరిందేవియు నవ్వెను. ఆ యింట నామె నవ్వి చాలదినము లయ్యెను.

ఇరువదిమూడవ దినమున శాస్త్రి పటమునకై తానే బండయొద్దకు వచ్చెను. ముద్రణాలయమునకు మఱునాడే పంపవలసియుండెను. కూతురు చేతిలోని కాగితమున ముండ్లతొడల ప్రాణియు నున్నతొడల ప్రాణియు ఒక్క గుడ్లగుంపునకు ఇరువైపుల నుండుట చూచి ఆతని కనుబొమ లెగసెను.

"ఏమిటే ఇది? పందొమ్మిదోదాన్ని ఇందులోకి ఎందుకు లాక్కొచ్చావు?"

"నాన్నగారూ, అవి రెండు జాతులు కావు. ఒకటే. ముళ్లున్నది మగది. నున్నటిది ఆడది. నేను చూశాను."

"చూడ్డానికి మేకకీ కళ్లుంటాయి. లెక్కపెట్టడానికే శాస్త్రం కావాలి."

"అమ్మాయిగోరు నిజివే సెప్తన్నారు బాబూ," అని పోతమ్మ యనెను.

"బుట్ట మొయ్యడం నీ పని. శాస్త్రం మొయ్యకు." ఆతడు పకపక నవ్వెను. "మగవాడు ఇల్లు కదలకుండా పిల్లల్ని కాస్తాడట, ఆడది ఊళ్లు తిరుగుతుందట! సృష్టిలో ఎక్కడైనా ఉందా ఈ విడ్డూరం?"

ఆ మాట యాడిన నోటిని పేరిందేవి తేఱిపాఱ చూచెను. పదునాలుగేండ్ల జ్వరములు, పదునాలుగేండ్ల పండుగలు, వీధి యరుగుపై నిలిచి ప్రతి బండినిచూచి మా నాన్నగారిదేమో యని యడిగిన సాయంకాలములు ఆమె కన్నులయెదుట మెదలెను.

శాస్త్రి పట్టుకాఱు తీసికొని బండక్రింద చేయి చాచెను. దీర్ఘపాదుల స్వభావ మెఱిగినవారికి తెలియును, ఇనుము తాకిన యా జాతి క్షణమైన నిలువదు. కాపరి కదలలేదు. ఒక కాలు తెగి పట్టుకాఱున చిక్కి గిలగిల కొట్టుకొనెను. మిగిలిన కాళ్లను గుడ్లపై మఱింత వెడల్పుగా చాచెను. రెండవ కాలు తెగెను. అప్పటికిని కదలలేదు. తుదకు దేహమును పట్టి పెఱికి గాజుబుడ్డిలో ముంచి శాస్త్రి బిరడా బిగించెను.

"చూశావా? కాళ్లు తెగినా గుడ్లని వదల్లేదు. ఇది తల్లిప్రేమ కాక మరేమిటే?"

"గుడ్లు..." అని పేరిందేవి పెదవులు కదలెను.

"నీ లెక్కన తల్లి నున్నతొడలదేగా? వచ్చి కాచుకుంటుందిలే. సాయంత్రానికి పటం కావాలి. ముళ్లదొక్కటే. కింద ఏం రాయాలో అచ్చుకి ఎప్పుడో పంపాను."

ఆతడు పోయెను. చీమలకు ముహూర్తముతో పనిలేదు. పోతమ్మ కొంగుతో విసరెను. పేరిందేవి పుల్లతో నెట్టెను, బూడిద చల్లెను, నీళ్లు పోసి గీత గీసెను. ఇరువురు మానవస్త్రీలు నాలుగు కాళ్లతో నాలుగు చేతులతో చేయలేని పనిని కందిగింజంత ప్రాణి ఇరువదిమూడు దినములు తిండి మఱచి నిర్వహించెనని అప్పు డామెకు పూర్తిగా తెలిసెను. మధ్యాహ్నము దాటునప్పటికి నల్లని కన్నులు మొలచిన పాత గుడ్లును తెల్లని క్రొత్త గుడ్లును వరుసగా చీమల నోట పోయెను. నున్నతొడలది ఒక్కటియు రాలేదు. రాతిపై మట్టిమరకలు మాత్రము మిగిలెను.

ఆ మరకలను చూచుచు పేరిందేవి యేడ్వలేదు. బిడియమనునది యామెను పుట్టినదాదిగ విడువని నీడ. అది యా క్షణమున నెచటికో పోయెను.

సాయంకాలమున పోతమ్మ గుమ్మముకడ నిలిచియుండగా శాస్త్రి పటమునకై చేయి చాచెను.

"గీయను," అని పేరిందేవి యనెను.

"ఏమన్నావు?"

"గీయను. అది తల్లి కాదు. అబద్ధానికి నా చేత్తో కాళ్లు గీయను."

"రెండూ ఒకటైతే పందొమ్మిదే అవుతాయి. నేను రాజుగారితో ఇరవై అన్నాను. నా పరువేం కానూ?"

"ఇందాక సృష్టిలో లేదన్నారు. అలా అనకండి నాన్నగారూ. మీకు తెలీదనండి, చాలు."

శాస్త్రి ముఖము జేగురించెను. ఎత్తిన చేయి పోతమ్మ చూపు తగిలి మధ్యలోనే నిలిచిపోయెను.

"అయితే పో! మీ పెద్దమ్మ ఇంటికే పో! ఈ పూట అన్నం పెట్టేది ఎవరో మరిచిపోయినట్టున్నావు!"

"మరిచిపోలేదు. పధ్నాలుగేళ్లు పెట్టింది ఆవిడే. పెట్టె సర్దుకునే వచ్చాను."

తెల్లవాఱిన పిమ్మట బండి కదలెను. పెట్టెలో రెండు చీరలును నోటుపుస్తకమును తప్ప మఱేమియు లేవు. కొండమలుపువఱకు బండివెంట నడచిన పోతమ్మ, "పుస్తకం తడవనీకమ్మా, వానొస్తాది," యని తన తాటాకు గొడుగు నందిచ్చి వెనుకకు మఱలెను. శాస్త్రి మేడమీదనుండి చూచెను. దిగి రాలేదు.

పిమ్మట నాతడు ముద్రణాలయమువారిని మూడు దినముల గడువు వేడి తానే కలము పట్టి ప్రయత్నించెను. గీసినవన్నియు చీపురుపుల్లల కట్టలవలె నుండెను. ఆ గడువును ముగిసెను. గ్రంథము చెన్నపట్టణమున ముద్రితమై బంగారుపూత యంచులతో రాజసభకు వచ్చెను. ఇరువది జాతులకు ఇరువది పుటలు కలవు. కడపటి పుటలో పటముండవలసినచోట తెల్లకాగితమును దానిక్రింద "సంతానరక్షణమందు తల్లిప్రేమకు పరమనిదర్శనము" అను వాక్యమును కలవు. చూచినవారు ఆ బొమ్మను పురుగులు తినివైచినవని తలంతురు. పురుగు లా పాప మెఱుగవు.

వాలుబండక్రింద ప్రతి భాద్రపదమునను ముండ్లతొడల తండ్రి యొకడు తనవియు నితరులవియు నను భేదమెంచక గుడ్లపై కాళ్లు చాచి చీమల దారిని చూచుచు కూర్చుండును. వానికి తల్లియని పేరు పెట్టిన గ్రంథము కూతవేటు దూరమున బీరువాలో నున్నది. వానికి చదువ రాదు. పని మానుటయు రాదు.