నలభై తొమ్మిది మీటర్ల మీద ఒక సాయంత్రం

రావులమ్మ పాత చీర ముక్కతో నా మీది దుమ్ము తుడుస్తోంది. రోజూ చేసే పనే. ముందు జాలీ, తర్వాత అంకెల గాజుపలక, చివరికి రెండు మరలు, పసిపిల్ల చెవులు తుడిచినంత నెమ్మదిగా.

నేను ఒక షార్ట్‌వేవ్ రేడియోని. మీకు దేశాలుంటాయి, నాకు గాజుపలక మీద స్టేషన్లు దొరికే మీటర్లుంటాయి. అందుకే ఈ కథలో పరాయి దేశాల పేర్లు చెప్పలేను.

ఒక ఫ్యాక్టరీలో పొడవాటి బల్ల ముందు వరసగా కూర్చున్న ఆడపిల్లలు సీసం కరిగించి నా తీగలు అతికించారు. నాలో మొదటిసారి కరెంటు పారగానే ఎవరో ముసలాయన పాట వినిపించింది. ఆయన ఎన్నో సముద్రాల అవతల పాడుతున్నాడు. ఆ గొంతు ఆకాశాన్ని తాకి, మళ్లీ నేలకు దిగి, దారి తప్పకుండా నా దగ్గరికి వచ్చింది. ఆ ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తీరలేదు.

మొదట ఒక ఓడ వంటవాడి దగ్గరున్నాను. అన్నం వారుస్తూ తుపాను కబుర్లు వినేవాడు. విశాఖపట్నం రేవులో దిగిపోతూ నన్ను తవిటినాయుడు మేస్టారికి అమ్మేశాడు. విజయనగరం దగ్గర పల్లెలో లెక్కల మేస్టారాయన, రావులమ్మ ఆయన భార్య. నా ముందు కూర్చుంటే మాత్రం ఆయనే విద్యార్థి.

నాలాంటి రేడియో వినేవాళ్లకి ఒక అలవాటుంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంత స్పష్టంగా వినిపించిందో ఆ స్టేషనుకు ఉత్తరం రాస్తారు. వాళ్లు బదులుగా రంగుల బొమ్మ కార్డు పంపుతారు. మేస్టారి గోడనిండా అవే. ఈసారి ఉత్తరం చివర ఆయన నాలుగు ముక్కలు ఎక్కువ రాశారు. ఎన్నికల రోజు మధ్యాహ్నానికే మా ఊళ్లో బూత్ మూసేశారనీ, మీ ఓట్లు పడిపోయాయి పొమ్మన్నారనీ. ఆ విదేశీ స్టేషను తన తెలుగు కార్యక్రమంలో అది ఆయన పేరుతో సహా చదివింది.

వారం తిరక్కుండా, ఒక సాయంత్రం జిల్లా కేంద్రం నుంచి గవర్రాజు అనే అధికారి వచ్చారు. చెప్పులు గుమ్మంలో విడిచి, నా పక్క కుర్చీలోనే కూర్చున్నారు.

"ఏం మేస్టారూ, మన ఇంటి గొడవ పరాయివాడి చెవిలో వేశారేం? బొమ్మలు పంపేవాడికి మన ఓట్లతో పనేంటి?"

"నిజమే రాశానండి."

"అబద్ధమన్నానా? పరాయివాడికి రాశారన్నాను. దీన్ని జోక్యం అంటారు."

విదేశీయుల ప్రేరణతో తప్పుడు మాటలు రాశానని టైపు చేసిన కాగితం బల్ల మీద పెట్టారు. సంతకం పెట్టకపోతే రేపటి నుంచి బడికి రానక్కర్లేదన్నారు. మేస్టారు పెన్ను మూత తీశారు. ఇరవై రెండేళ్లుగా సుద్దముక్క పట్టిన ఆ వేళ్లతో కాగితాన్ని దగ్గరికి లాక్కున్నారు.

రావులమ్మ వచ్చి నా మర తిప్పింది. పదిహేనేళ్ల వయసు దాకా ఆమె సముద్రం అవతలి పొరుగు దేశంలో పెరిగింది. వాళ్ల నాన్న అక్కడి రేవులో బస్తాలు మోసేవాడు. ఆ దేశపు భాషలో కార్యక్రమం రోజూ ఆరింటికి, నలభై తొమ్మిది మీటర్ల మీద.

తేనెలాంటి ఆడగొంతు పలికింది. గవర్రాజు మొహం చిట్లించారు. "మళ్లీ పరాయి రేడియోనా? కట్టెయ్యమ్మా."

"పరాయిదేటి బాబూ? మన సర్కారుదే. మన రాజధాని నుంచే, అవతలోల్లకి సెప్తన్నారు."

"ఏం చెప్తున్నారు?"

"ఆదివారం ఆలకి ఓట్లంట. పలానా పార్టీ మంచిది, దాన్నే గెలిపించుకోండంతంది. మీ పెబుత్వం ఓట్ల పెట్టెలు మార్సేత్తాది, జాగర్తంతంది."

గవర్రాజు నా వైపు చూశారు. ఆ చూపులో నేనొక సాక్షిని.

"అది స్నేహం," అన్నారు చివరికి.

"మరి మా ఉత్తరం సదివినోల్లది?"

"అది జోక్యం."

"అవునా బాబూ!" రావులమ్మ గొంతులో వెటకారం లేదు. నిజంగా నేర్చుకోవాలన్నట్టే అడిగింది. "అయితే రెండిటికీ తేడా ఏటో ఆ కాయితం మీద రాసియ్యండి. మేస్టారు దానికిందే సంతకం ఎడతారు."

మహాసముద్రాలు దాటొచ్చిన గొంతులు ఎన్నో విన్నాను. ఎదుటి కుర్చీ దాకా వెళ్లడానికి ఇంత బలం కావాలని నాకు అప్పుడే తెలిసింది.

గవర్రాజు తన పెన్ను తీశారు. కాగితం మీదికి వంగారు. నాలోంచి ఆ తేనె గొంతు ఆగకుండా సలహాలు చెబుతూనే ఉంది. ఒక అక్షరం కూడా పడలేదు. ఆయన పెన్ను మూత పెట్టి, సంతకం లేని కాగితాన్ని నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకున్నారు. చెప్పుల్లో కాళ్లు దూర్చి, గుమ్మం దిగి వెళ్లిపోయారు.